కృష్ణాతీర చరిత్ర: దీపాలదిన్నె రాళ్ళు, లండను దారి

రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లిని విడిచి, కృష్ణకు దక్షిణపుటొడ్డున అమరేశ్వరుని సన్నిధిని అమరావతి యను నూతన రాజధానిని నిలుపదలచి, వర్తకులను, పండితులను, శిల్పులను రావించి, వీధులు తీర్చి, మేడలకును మండపములకును కోనేళ్ళకును రాయి చాలక వెదకించుచుండిన వేళ, ఊరి చేరువ జనులు దీపాలదిన్నె యని పిలుచుచుండిన యొక పాడుదిబ్బ ఆయన దృష్టికి వచ్చిన వృత్తాంతముతో కిందటి సంచిక ముగిసినది. పదునెనిమిదవ శతాబ్దపు చివరి దశకమునాటి మాట. దిబ్బలో ధనమున్నదను వదంతి పనివాండ్ర గునపములకు మరింత పదును పెట్టినది. ధనము దొరకలేదు; దొరకినది రాయి. లేత పచ్చదనము కలసిన తెల్లని పలనాటి సున్నపురాతిమీద ఏనుగులు, గుఱ్ఱములు, విరిసిన పద్మములు, బరువైన పూలదండను భుజములపై మోయుచు నవ్వుచున్న మరుగుజ్జులు త్రవ్వినకొలది బయటపడిరి. నాయుడుగారి మేస్త్రీలకు అది పనికివచ్చెడి రాయి. అంతకంటె వేరుగా తలచుటకు వారికి కారణమును లేదు. కొన్ని పలకలు శివగంగ చెఱువునకు మెట్లయినవి. కొన్ని గుడిగోడలలో కలసిపోయినవి. కొన్ని బట్టీలలో కాలి సున్నమైనవి.

ఆ దిబ్బ ధాన్యకటకమను ప్రాచీన నగరపు బౌద్ధ మహాచైత్యము. మౌర్యుల కాలమునాటికే మొదలంటి, శాతవాహనుల యేలుబడిలో పెరిగి పెద్దదై (వాసిష్ఠీపుత్ర పులుమావి పేర శాసనమొకటి అచ్చట దొరకినది), సుమారు 160 అడుగుల వ్యాసముగల కట్టడము చుట్టును 192 అడుగుల వ్యాసముగల రాతికంచెతో, నాలుగు దిక్కులను ఐదేసి ఆయకస్తంభములతో, తన కాలమున దక్షిణాపథమునందు సాటిలేనిదై నిలిచినది. ఏడవ శతాబ్దమున చీనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ ఈ సీమకు వచ్చెను. 1344 నాటి సింహళదేశపు గడలదెణియ శాసనమునందు ధర్మకీర్తి యను స్థవిరుడు ధాన్యకటకమున ప్రతిమాగృహమొకదానిని బాగుచేయించినట్లు వ్రాయబడియున్నది. ఆ తరువాత దాదాపు నాలుగువందల యేబది యేండ్లపాటు దీనినిగూర్చి పలికినవారు లేరు. ఇటువంటి చోట చరిత్రకారుడు ఏదో యొక దండయాత్రను కల్పించి ఆ ఖాళీని పూరించుట కద్దు. భిక్షువులు పోయిరి, దాతలు పోయిరి, మన్ను పేరుకొన్నది అని చెప్పి యూరకుండుటయే నాకు సమంజసముగ తోచుచున్నది.

విజయవాడలో కాపురముండువానికి అమరావతి గంటసేపటి దారి. అయినను ఈ సంచికకు కావలసిన రాళ్ళను చూచుటకై నేను లండను మహానగరమునకు పోవలసివచ్చినది. వట్టి చరిత్రాభిమానమే నన్నంత దూరము పంపెనని చెప్పుకొనుట అబద్ధమగును. మా అమ్మాయి అక్కడ కాపురముండుటయు, ఆమె కాన్పునకు తల్లిదండ్రులు వెళ్ళవలసియుండుటయు అసలు కారణములు. మనుమడు పుట్టి, బాలింత లేచి తిరుగునంతవరకు నేను ఈస్ట్ హామ్ వీధులలో కూరగాయలు మోయుటతప్ప వేరొక ఘనకార్యము చేసియెరుగను. పిమ్మట ఒకనాడు అమ్మాయియే మా ఇరువురను బయటికి తరిమినది: "మీరిద్దరూ ఎక్కడికైనా వెళ్ళి నాలుగు ప్రదేశాలు చూసి రండి నాన్నా, ఇంట్లో కూర్చుని నన్ను కాపలా కాయకండి."

దంపతులు కలసి దేశాంతరము చూడబోవుట తెలుగువారికి నిన్నమొన్నటి వేడుకగాదు. పోతం జానకమ్మ యను తెలుగు ఇల్లాలు భర్త రాఘవయ్యగారితో కూడ 1871లో సముద్రము దాటి ఇంగ్లండు చూచివచ్చి, తాను తెలుగున వ్రాసికొన్న యాత్రావృత్తాంతమును తానే ఇంగ్లీషు చేసి 1876లో మద్రాసున అచ్చువేయించినది. ఓడయెక్కిన ఆడుదానిని బంధువర్గము ఎట్టి చూపు చూచు కాలమో తలచుకొన్నచో ఆమె ధైర్యమునకు నమస్కరింపవలెను. ఆమె వెళ్ళునాటికి మన కృష్ణయొడ్డు రాళ్ళు కొన్ని లండనుచేరి దాదాపు ఒక పుష్కరకాలము గడచియుండెను.

మేము భూగర్భ రైలులో పోయి, మైల్ ఎండ్‌లో బండి మారి, హాల్బర్న్‌లో దిగి బ్రిటిషు మ్యూజియమునకు నడచితిమి. లండను చలి వేసవిలోనే ఇంతయుండగా శీతకాలమున మనుషులెట్లు బ్రతుకుదురని మా ఆవిడ దారిపొడుగునను ఆశ్చర్యపడుచునే యున్నది. ఆమె చేతిసంచిలో పులిహోర యొక గిన్నెడు, బందరు తొక్కుడు లడ్డు ఒక డబ్బాడు. బందరు ఆమె పుట్టినిల్లు. లడ్డులేని ప్రయాణము ఆ యూరివారి దృష్టిలో ప్రయాణమే కాదు. మ్యూజియము గుమ్మముకడ సంచులు సోదాచేయు యువకుడు డబ్బామూత తీసి, ఆ పచ్చని యుండలను పరీక్షగా చూచి, ఇవి యేమిటని నన్నడిగెను. శనగపిండిని మొదట వేయింతురా, వండిన పిదప దంతురా యన్న సందేహమున నేను పదములు కూర్చుకొనుచుండగనే మా ఆవిడ ఒక లడ్డుతీసి వాని చేతిలో పెట్టినది. పనివేళలో తినగూడదని అతడు నవ్వుచు తిరిగి యీయబోగా, "ఇంటికి తీసుకెళ్ళి తిను నాయనా" అని తెలుగులోనే చెప్పినది. అతడును ఇంగ్లీషులోనే కృతజ్ఞత చెప్పి దానిని కాగితమున చుట్టుకొనెను. ఆ సంభాషణకు దుబాసీ యవసరము ఎవరికిని కలుగలేదు. లోనికి పోవుటకు టిక్కెట్టు లేదని తెలిసిన పిమ్మట ఆ భవనముమీద ఆమెకు గౌరవము ఇనుమడించినది.

33వ శాలకు అనుబంధముగా, గాజుగోడ వెనుక, 1992లో తెరవబడిన ప్రత్యేకమైన గదిలో అమరావతి రాళ్ళున్నవి. ఈ మ్యూజియమునకు చేరిన పలకలు, స్తంభములు, సూచీఫలకములు నూట ఇరువదికి పైబడినవి. వెలుతురు తగ్గించి, గాలిని అదుపున పెట్టి, పసిబిడ్డనువలె సాకుచున్నారు. నేను శిల్పశైలిని, కాలక్రమమును గూర్చి ఉపన్యాసము మొదలిడితిని. ఆమె వినలేదు. ఆమె చూపు స్త్రీమూర్తుల చీలమండలమీద నున్నది. "చూశారా, ఈ కడియాల దొంతర! మా అమ్మమ్మకుండేవి. అమ్ముకు తిన్నాం." పండితులు ఆభరణములకు పెట్టిన పేర్లు నా పుస్తకమున చాలనున్నవి, ఆమె ముందర వానిని చదువుటకు నాకు సిగ్గైనది.

ఆ గదిలో బుద్ధజననమును నాలుగు గడులుగా చెక్కిన ఫలకమొకటి కలదు: మాయాదేవి కల, ఆ కలను పెద్దలు విప్పిచెప్పుట, జననము, శిశువును యక్షుని సన్నిధికి తోడుకొనిపోవుట. జననపు గడిలో తల్లి చెట్టుకొమ్మను పట్టుకొని నిలిచియున్నది. అప్పుడే కాన్పుగది చూచివచ్చిన మా ఆవిడకు ఆ నిలుచుండుట చాల వింతయైనది. తల్లి ప్రక్కన దేవతలు ఒక పొడవైన వస్త్రమును చేతులమీదికి చాచి పట్టుకొనియున్నారు. "బిడ్డేడీ?" అన్నది. తథాగతుని రూపమున చూపక, బోధివృక్షము, శూన్యాసనము, పాదుకలు, పాదముద్రలు మొదలగు చిహ్నములచేతనే సూచించుట ప్రాచీన శిల్పుల మర్యాద యనియు, ఇక్కడ కొన్ని పలకలలో ఆ మర్యాద, మరికొన్నింట బుద్ధుని మానవరూపము రెండును కానవచ్చుననియు చెప్పితిని. ఆమె కళ్ళజోడు సవరించుకొని గాజుకు మొగమానించి చూచినది. ఆ వస్త్రముమీద చిన్నచిన్న పాదముల గుర్తులున్నవి.

"పొత్తిగుడ్డ మీద పాదాలు! ఈ చెక్కినాయన బిడ్డల తండ్రే అయ్యుంటాడండీ."

నేను చదివిన గ్రంథములలో ఈ శిల్పినిగూర్చి ఇంతకు మించిన విమర్శ కనబడలేదు.

మరియొక పలక రెండువైపులను చెక్కబడినది. ఒకవైపున బోధివృక్షమును, శూన్యాసనమును కొలుచు భక్తులు. అది క్రీస్తుపూర్వపు కాలపు పని. సుమారు మూడు శతాబ్దముల తరువాత, చైత్యమును క్రొత్తగ తీర్చునపుడు, శిల్పులు ఆ రాతినే త్రిప్పి వెనుకవైపున చైత్యమంతయు చెక్కినారు: ద్వారములకడ సింహములు, ఐదు ఆయకస్తంభములు, అండమునకు పూలదండలు, పైన గుమికూడిన గంధర్వులు. నేడు మహాచైత్యము ఎట్లుండెడిదని యెవరైన బొమ్మ గీయదలచినచో ఇట్టి పలకలే ఆధారము. పాతరాతిని పనికి తెచ్చుకొనుట నాయుడుగారితో మొదలుకాలేదన్నమాట. కాని ఆ శిల్పులు పాతదానిని చెరుపక వెనుకకు దాచిరి, ఈయన మేస్త్రీలు చెరువుమెట్టుగ పరచిరి.

నాయుడుగారు త్రవ్వించుచున్న వార్త విని 1797లో అమరావతికి వచ్చినవాడు కుంపిణీ సర్వేయరు కాలిన్ మెకంజీ. వెంట దుబాసీ పనికి ఏలూరి నియోగులు కావలి సోదరులు కుదిరియుండిరి గనుకనే ఆ దొరకు మన దేశపు కైఫీయత్తులు, అనగా గ్రామచరిత్రలు, అందుబాటైనవి. వారిలో బొఱ్ఱయ్య 1803లోనే గతించినను లక్ష్మయ్య ఆ పని విడువలేదు. బౌద్ధమన్నది ఈ దేశమున పేరుకైన మిగులని ఆ కాలమున, మెకంజీ ఈ శిథిలములు జైనులవేమో యని తలచెను. 1816లో సర్వేయరు జనరలై తిరిగివచ్చి చూచుసరికి దిబ్బ నడుమ చెఱువు త్రవ్వబడియుండెను. ఈసారి చిత్రకారులను కూర్చుండబెట్టి కొలతలు తీయించి, పటములు వ్రాయించెను. తరువాత మాయమైన ఎన్నియో పలకలకు నేడు ఆ పటములే మిగిలిన యానవాళ్ళు.

నాయుడుగారు ఆ 1816లోనే కీర్తిశేషులైరి. ఆయన దానములను పొగడు నోళ్ళే చెప్పుకొను మరొక కథ కలదు. దారిదోపిడులు చేయుచున్నారను నెపమున చెంచులను విందుకని పిలిపించి, తలలు నరికించెనట. ఎందరినో చెప్పుటలో జనశ్రుతి చపలమైనది. ఆరువందల మంది యని కొందరందురు. అమరావతి చేరువనున్న నరుకుళ్ళపాడు అను గ్రామము నేటికిని ఆ కథను మోయుచున్నది. ఆ పాపము వెన్నాడి, అన్నము ముట్టబోగా పురుగులై కనబడుచుండగా, ప్రాయశ్చిత్తముగ గుడులు కట్టించెననియు చెప్పుదురు. అన్నము మాట నేను నమ్మను. చెంచుల మాట నమ్మకుండుటకు నాకు దారి కనబడదు.

ఆయన పోయినపిదప సంస్థానము వారసుల వ్యాజ్యములలోను పన్ను బకాయిలలోను చిక్కువడెను. అంతలో నందన సంవత్సరము వచ్చెను. 1832–33 నాటి ఆ కరువును గుంటూరు సీమవారు డొక్కల కరువని పేర్కొందురు. అయిదు లక్షల జనాభాగల జిల్లాలో లక్షన్నరకు తక్కువగాకుండ మరణించిరని లెక్కలు చెప్పుచున్నవి. కృష్ణ నిండుగ పారుచు సముద్రమున కలయుచుండగ, ఆ యొడ్డుననే జనులు గంజిలేక చచ్చిరి. బెజవాడకడ కెప్టెన్ ఓర్ ఆనకట్ట కట్టుట 1852లో మొదలై 1855లో ముగిసినది. అప్పటికి ఆ మృతుల బిడ్డలు పెద్దవారై, తాము పుట్టిన పల్లెలు మరచియుందురు.

ఈ కరువునకును లండనులోని గాజుగదికిని సంబంధమున్నది. శిస్తు రాలక గుంటూరు జిల్లా ఖజానా వట్టిపోగా, కారణము విచారించుటకు కుంపిణీ ప్రభుత్వము 1845లో వాల్టర్ ఎలియట్‌ను పంపినది. ఆయన జమీందారుల లెక్కలు తిరుగవేసి, బకాయిపడిన సంస్థానములు సర్కారుపరమగుటకు దారితీసినవాడు. ఆ పనిమీద వచ్చినవాడే తీరికవేళల దీపాలదిన్నె పడమటివైపు త్రవ్వించి, దొరకిన పలకలను మద్రాసునకు తరలించెను. అచ్చట అవి ఏండ్లతరబడి ఆరుబయట ఎండకు ఎండి వానకు తడిసినవి. మద్రాసు మ్యూజియమును నడపుచుండిన బాల్ఫర్ దొర వానిని అచ్చటికి చేర్చ పాటుపడగా, టేలరు పాదిరి 1856లో జాబితా వ్రాసెను. 1859లో పెక్కు పలకలు ఓడకెక్కినవి.

లండనులో వానికి జరిగిన మర్యాద మద్రాసును మించలేదు. మొదట థేమ్సునది యొడ్డున రేవు గిడ్డంగిలో పడియున్నవి. పిదప ఫైఫ్ హౌస్ అను భవనపు బండ్లసావడిలో చేరినవి. కొన్ని వెలుపల నిలుపబడి ఆ దేశపు మంచుకు నానినవి. పారిసు ప్రదర్శనమునకు హైందవ శిల్పముల ఛాయాచిత్రములు సమకూర్చుచు, 1867లో వాస్తుచరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్ ఆ సావడిలో వానిని కనుగొని ఆశ్చర్యచకితుడై, మరుసటి యేట పెద్ద గ్రంథము ప్రకటించెను. 1880లో బ్రిటిషు మ్యూజియము వానిని స్వీకరించినది. తాను త్రవ్వించిన రాళ్ళకు ఇంత ప్రఖ్యాతి వచ్చునాటికి ఎలియట్ స్కాట్లండులోని స్వగ్రామమున వృద్ధుడై, క్రమముగ చూపు కోల్పోయి, 1887లో మరణించెను.

ఈ కథయంతయు విని మా ఆవిడ ఒక ప్రశ్న వేసినది: "ఇంతకీ వీళ్ళు ఎత్తుకొచ్చారా, మనవాళ్ళు పారేశారా?"

ఇరుపక్షముల వకీళ్ళును ఈ విషయమున చాలకాలముగ వాదించుచున్నారు. సున్నపుబట్టీనుండి కాపాడితిమని వారు. అడుగక తీసికొనిపోతిరని మనము. రెండును నిజములే. కాని మహాచైత్యమునకు కలిగిన తీరని హాని బట్టీవాని చేతగాని, ఓడవాని చేతగాని కాలేదని నా యభిప్రాయము. 1859లో గుంటూరు జిల్లా కృష్ణాజిల్లాలో కలుపబడినది. ఆ జిల్లా యధికారి రాబర్ట్ స్యూయెల్ 1877లో ఒకవైపు త్రవ్వి, కనుగొన్న ప్రతి పలక ఎచ్చట నిలిచినదో ఎచ్చట పడినదో గుర్తించెను. అంతలో మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువునకు పురావస్తువులమీద అపారమైన దయ కలిగినది. 1880లో దిబ్బనంతను శుభ్రము చేయుడని ఆజ్ఞ యిచ్చెను. కలెక్టరు హార్స్‌ఫాల్ కూలివాండ్రను పెట్టి నడుమనున్న మన్నంతయు ఎత్తిపోయించెను. ఏ రాయి ఏ మట్టుననుండెనో వ్రాసికొన్నవారు లేరు. 1881 చివర పురావస్తుశాఖాధికారి జేమ్స్ బర్జెస్ వచ్చి చూడగా, ఆయనకు గుండ్రని గుంటయు దానిచుట్టు పడియున్న పలకలును కనబడినవి.

మిగిలిన పలకలను మద్రాసు పంపవలెనని బర్జెస్ నిశ్చయించెను. ప్రాచీన కట్టడముల సంరక్షణాధికారి హెన్రీ కోల్ ఒక్కడు అడ్డుచెప్పెను: రాళ్ళు ఉన్నచోటనే యుండవలెను, అక్కడనే నిలబెట్టవలెను, ఎత్తుకొనిపోవుట తగదని. ఆంగ్లేయుడై, సర్కారు జీతగాడై అతడీ మాట చెప్పెను గనుక, ఆ కాలమున అట్లు తోచుట సాధ్యము కాదని మనము ఎవరిని క్షమించుటకును వీలులేదు. కోల్ మాట నెగ్గలేదు. ఆ పలకలే నేడు ఎగ్మూరు మ్యూజియమునందలి అమరావతి సంపదలో ముఖ్యభాగము. 1905 తరువాత అలెగ్జాండర్ రీ, స్వాతంత్ర్యానంతరము మన పురావస్తుశాఖవారు త్రవ్వినది ఆ గుంట అంచులను మాత్రమే.

పులిహోర ఆవరణలోని బల్లమీద తినుచుండగా మా ఆవిడ తన లోపమునుగూడ తానే చెప్పుకొన్నది: విజయవాడలో బందరు రోడ్డుమీద బస్సెక్కిన ప్రతిసారియు బాపు మ్యూజియము ముందునుండియే పోవుచు, లోపల అల్లూరి బుద్ధుడున్నాడని యెన్నడును ఎరుగననినది. నేను ఊరుకొనక, మీ బందరులోను అమరావతి రాళ్ళుండెడివని చెప్పితిని. అసిస్టెంటు కలెక్టరు రాబర్ట్సన్ తాను వెలయించిన క్రొత్త పేటలో అంగడినడుమ అలంకారముగ ఒక దిబ్బ కట్టించి దానికి ఆ పలకలు అతికించెను. 1835లో గవర్నరు సర్ ఫ్రెడరిక్ ఆడం వానిని చూచి మద్రాసునకు పంపుడని ఆజ్ఞాపించినను, అవి వెంటనే కదలలేదు.

"అంటే మా రాబర్ట్సన్‌పేట రాబర్ట్సనేనా? పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ ఆ పేటలోనే తిరిగాను, ఆయన పేట అంటే ఆయన ఏదో మంచి పని చేసి ఉంటాడనుకున్నాను!" అని లడ్డు సగము విరిచి నాకిచ్చినది.

మంచిపని చేయలేదని చెప్పుటకు వీలులేదు. ఆ పేట నేటికిని బందరున సందడిగనే యున్నది. ఆ దిబ్బ మాత్రము లేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము బందరుమీదికి వచ్చి ముప్పదివేల ప్రాణములను కొనిపోయిన వృత్తాంతమును, ఆ పట్టణము మరల లేచిన విధమును వచ్చే సంచికలో వ్రాసెదను.